నీటిలో ఉన్నది మాగ్నటైటా, మాగ్‌హెమైటా? నానోకణాల ఎలక్ట్రాన్లపై ఒక ఎక్స్‌రే కేస్ స్టడీ

పేచీ ఎక్కడ

ఒక రసాయన శాస్త్ర బృందం తయారు చేసిన ఐరన్ ఆక్సైడ్ నానోకణాలు ఇవి. వ్యాసం సుమారు 10 నానోమీటర్లు. నీటిలో చిక్కటి నలుపు రంగులో ఉన్నాయి, అంటే చూపుకు మాగ్నటైట్. అదే ద్రవాన్ని సిలికాన్ పలక మీద చుక్కగా వేసి, ఆరబెట్టి, శూన్యంలో ఎక్స్‌రే శోషణ స్పెక్ట్రమ్ తీయిస్తే మాత్రం మాగ్‌హెమైట్ అని వచ్చింది. "ఆరిపోయాక అవి ఏమవుతాయో మాకు అక్కర్లేదండీ, నీళ్లలో ఉన్నప్పుడు ఏమిటో చెప్పండి" అన్నారు బృందాన్ని నడిపిస్తున్న ప్రొఫెసర్, ఎక్స్‌రే కొలతలు చేసే మాతో.

ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. రెండూ ఇనుము, ఆక్సిజన్ కలిసినవే. రెండింటి స్ఫటిక నిర్మాణమూ స్పినెల్ కుటుంబానిదే. ఎలక్ట్రాన్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండూ వేర్వేరు పదార్థాలు. మాగ్నటైట్‌లో ప్రతి మూడు ఇనుము పరమాణువుల్లో ఒకటి ఫెర్రస్ (2+ అయాన్), రెండు ఫెర్రిక్ (3+ అయాన్). ఆక్టాహెడ్రల్ స్థానాల్లోని, అంటే చుట్టూ ఆరు ఆక్సిజన్లున్న చోట్లలోని, ఫెర్రస్, ఫెర్రిక్ అయాన్ల మధ్య ఎలక్ట్రాన్ గది ఉష్ణోగ్రత దగ్గర సులువుగా గెంతుతూ ఉంటుంది కాబట్టి అది విద్యుత్తును బాగానే మోస్తుంది. చల్లబరుస్తూ సుమారు 120 కెల్విన్ దిగువకు, అంటే వెర్వే పరివర్తన అనే మార్పు దాటాక, ఆ గెంతులాట చాలావరకు ఆగిపోతుంది. మాగ్‌హెమైట్‌లో ఫెర్రస్ అన్నదే లేదు. ఆవేశం లెక్క సరిపోవడానికి కొన్ని ఆక్టాహెడ్రల్ స్థానాలు ఖాళీగా ఉంటాయి, బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా కదలాలంటే దాటాల్సిన శక్తి) 2 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. ఈ బృందం కణాలను వాడాలనుకున్నది నీటిలోని ఆరు వేలెన్సీ క్రోమియాన్ని మూడుకు దించడానికి. ఆ పని చేసేది ఫెర్రస్ ఇచ్చే ఎలక్ట్రాన్. అది కణంలో లేకపోతే కథే లేదు.

ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో తేలుతుందేమో అని ఎవరికైనా అనిపిస్తుంది. మాగ్నటైట్ యూనిట్ సెల్ అంచు 8.40 ఆంగ్‌స్ట్రామ్‌లు, మాగ్‌హెమైట్‌ది 8.34. మామూలు రాగి ఎక్స్‌రే ట్యూబుతో చూస్తే 62, 63 డిగ్రీల మధ్య వచ్చే శిఖరం రెండింటి మధ్య సుమారు అర డిగ్రీయే జరుగుతుంది. 10 నానోమీటర్ల కణాలకు శిఖరం వెడల్పే ఒక డిగ్రీకి దగ్గరగా ఉంటుంది. పైగా ఇంకో చిక్కు: 10 నానోమీటర్ల గోళంలో బయటి 1 నానోమీటరు పొర మొత్తం ఘనపరిమాణంలో 49 శాతం. అంటే ఉపరితలం కాస్త ఆక్సీకరణం చెందినా సగం కణం మారిపోయినట్టే. "మాగ్నటైటా, కాదా" అన్న ప్రశ్నకు అవును, కాదు అని జవాబు రాదని మొదట్లోనే బృందానికి చెప్పాం.

ఎల్ అంచు ఎందుకు, నీరు ఎందుకు అడ్డు

ఇనుము 3డీ ఎలక్ట్రాన్ల గురించి తిన్నగా చెప్పేది ఎల్ అంచు. అంచు అంటే, పరమాణువు లోపలి ఎలక్ట్రాన్‌ను లేపడానికి సరిపడే శక్తి దగ్గర శోషణ ఒక్కసారిగా పెరిగే చోటు. 2పీ నుంచి ఖాళీ 3డీ స్థితుల్లోకి ఎలక్ట్రాన్‌ను లేపడం డైపోల్ నియమానికి సమ్మతమే, సిగ్నల్ బలంగా వస్తుంది. ఇనుముకు ఎల్ అంచులో ముఖ్య భాగమైన ఎల్3 అంచు 707 నుంచి 710 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఉంటుంది. ఫెర్రస్ ముఖ్య శిఖరం 708 దగ్గర, ఫెర్రిక్‌ది 710కి కాస్త ఇవతల. అయితే ఫెర్రిక్‌కు కూడా క్రిస్టల్ ఫీల్డ్ విభజన (చుట్టూ ఉన్న ఆక్సిజన్ల ప్రభావంతో 3డీ స్థితుల శక్తులు చీలడం) వల్ల 708 దగ్గర ఒక భుజం ఉంటుంది. "708లో ఏదో కనిపించింది, కాబట్టి ఫెర్రస్ ఉంది" అనేస్తే పప్పులో కాలేసినట్టే. ఆ భుజానికీ శిఖరానికీ ఉన్న నిష్పత్తినే చదవాలి.

కె అంచు 7112 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ శక్తి ఉన్న కిరణం నీటిలో అర మిల్లీమీటరు పైనే చొచ్చుకుపోతుంది, శూన్యంతో తంటా లేదు. కానీ అక్కడ 1ఎస్ నుంచి 3డీకి మార్పు దాదాపు నిషిద్ధం, కనిపించేది చిన్న ప్రీ-ఎడ్జ్, అంటే అంచుకు ముందు వచ్చే శిఖరం, మాత్రమే. కోర్ హోల్ (లోపలి ఎలక్ట్రాన్ లేచిపోయాక మిగిలే ఖాళీ) ఆయుష్షు తక్కువ కావడం వల్ల 1 ఎలక్ట్రాన్ వోల్టు పైచిలుకు మసక కూడా తోడవుతుంది. అందుకని దాన్ని సరిచూసుకోవడానికి పక్కన ఉంచుకుని ఎల్ అంచుకే వెళ్లాం.

710 ఎలక్ట్రాన్ వోల్టుల మృదు ఎక్స్‌రే నీటిలో సుమారు ఒక మైక్రాన్ దాటేసరికి చాలావరకు ఖర్చైపోతుంది. నీటికి పారదర్శకమైన వాటర్ విండో కార్బన్ అంచు 284 నుంచి ఆక్సిజన్ అంచు 543 వరకే. మన ఇనుము దానికి బయట ఉంది. లెక్క వేసి చూడండి. లీటరుకు 10 గ్రాముల మాగ్నటైట్ అంటే ఇనుము గాఢత 0.13 మోలార్. నీరు 55.5 మోలార్. ఒక్కో ఇనుము పరమాణువు చుట్టూ సుమారు 430 నీటి అణువులు, ప్రతి ఒక్కదాని ఆక్సిజనూ ఈ శక్తి దగ్గర కిరణాన్ని మింగుతూనే ఉంటుంది. మనం వినదలచుకున్న గొంతు ఒకటైతే, గదిలో మాట్లాడేవాళ్లు 430 మంది.

ఇక శూన్యం సంగతి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి ఆవిరి పీడనం 23 మిల్లీబార్లు. మృదు ఎక్స్‌రే బీమ్‌లైన్‌కు, అంటే కిరణాన్ని నమూనా దాకా తెచ్చే మార్గానికి, కావలసింది అతి ఉన్నత శూన్యం. ఈ రెంటినీ కలపడానికి వాడుకలో ఉన్నవి రెండు దారులు. ఒకటి, సిలికాన్ నైట్రైడ్ పొర వెనక ద్రవాన్ని పారించే ఫ్లో సెల్. ఆ పొర మందం 100, 150 నానోమీటర్లే ఉంటుంది. రెండోది, శూన్యంలోకే వెంట్రుకకంటే సన్నటి ధారగా నీటిని చిమ్మే లిక్విడ్ జెట్. ద్రవాల నుంచి ఫోటోఎలక్ట్రాన్లు కొలవడం 1970ల్లోనే స్వీడన్‌లో హాన్స్ సీగ్‌బాన్, కై సీగ్‌బాన్ మొదలుపెట్టారు. కై సీగ్‌బాన్‌కు 1981లో నోబెల్ వచ్చింది. నీటి మైక్రోజెట్‌ను శూన్యంలో నిలకడగా నడిపించింది 1980ల చివర్లో గోటింగెన్‌లో మాన్‌ఫ్రెడ్ ఫౌబెల్ తదితరులు. ఇప్పుడు బెర్లిన్‌లోని బెస్సీ-2 వంటి సింక్రోట్రాన్లలో (బలమైన ఎక్స్‌రేలు ఇచ్చే యంత్రాల్లో) జెట్ రోజువారీ పనిముట్టు.

మేం రెండూ వాడాం, ముందు ఫ్లో సెల్. నమూనా తక్కువ పడుతుంది, గాఢత ఎక్కువైనా మూసుకుపోదు.

ఏ డిటెక్షన్‌తో చూశారన్నది ముందు అడగాలి

పొడి నమూనా స్పెక్ట్రమ్ తీసింది టోటల్ ఎలక్ట్రాన్ యీల్డ్‌లో. అందులో బయటికొచ్చే ఎలక్ట్రాన్లు పైపై కొద్ది నానోమీటర్లవే. ఫ్లో సెల్ కిటికీ వెనక నుంచి ఎలక్ట్రాన్లు రావు, ఫోటాన్లే రావాలి. సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టర్‌తో ఇనుము విడుదల చేసే 705 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్లనూ, నీటి ఆక్సిజన్ విడుదల చేసే 525 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్లనూ విడదీసి లెక్కపెట్టవచ్చు.

ఇనుము ఫోటాన్లను మాత్రమే తీసుకుంటే అది పార్షియల్ ఫ్లోరెసెన్స్ యీల్డ్. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ 3డీ లోహాల ఎల్ అంచులో ఉత్తేజితమైన పరమాణువుల్లో ఫోటాన్‌గా విడుదలయ్యేవి ఒక శాతం లోపే. మిగతాదంతా ఆజే ఎలక్ట్రాన్లకు, అంటే ఆ శక్తితో బయటికి తన్నుకొచ్చే ఎలక్ట్రాన్లకు, పోతుంది. ఆ ఒక్క శాతం కూడా స్థిరం కాదు, శోషణలో చేరిన స్థితిని బట్టి మారుతుంది. అంటే ఫ్లోరెసెన్స్‌లో గీసిన ఆకారం శోషణ ఆకారం కాదు. పొడిది ఎలక్ట్రాన్లలో, తడిది ఫోటాన్లలో కొలిచి, పక్కపక్కన పెట్టి "మారింది" అంటే, మారింది కణమో కొలత పద్ధతో తెలియదు. ప్రచురితమైన పేపర్లలో కూడా ఈ పోలిక అప్పుడప్పుడు కనిపిస్తుంది, నాకు చికాకు కలిగించే విషయాల్లో ఇదొకటి.

మేం ఆధారపడింది మూడో దారి మీద. ఇనుము అంచు గుండా కిరణం శక్తిని పెంచుకుంటూ పోతూ, ఇనుమును వదిలేసి నీటి ఆక్సిజన్ ఫోటాన్లను లెక్కపెట్టాలి. ఇనుము ఎక్కువ మింగిన చోట నీటికి దక్కే ఫోటాన్లు తగ్గుతాయి, ఆక్సిజన్ సిగ్నల్‌లో గుంత పడుతుంది. ఆ గుంతను తలకిందులు చేస్తే మొత్తం శోషణకు అనుపాతంలో ఉండే స్పెక్ట్రమ్ వస్తుంది. ఫ్లోరెసెన్స్ దిగుబడి మారుతుందన్న బెడదా లేదు, శిఖరాలను కుదించేసే సాచురేషన్ వంకరా లేదు. దీన్నే ఇన్వర్స్ పార్షియల్ ఫ్లోరెసెన్స్ యీల్డ్ అంటారు, 2011లో వెలుగులోకి వచ్చింది. అంతకు ముందు ఏడాదే ఈ గుంతల మీద పెద్ద చర్చ నడిచింది. కరిగిన లోహ అయాన్ల నుంచి ఎలక్ట్రాన్ నీటిలోకి దూకడం వల్లే అవి పడుతున్నాయని ఒక వాదన, ఫోటాన్ల పంపకమే కారణమని మరో వాదన. రెండోదే నిలబడింది.

మా గాఢత దగ్గర ఆ గుంత లోతు కొద్ది శాతం మాత్రమే. కిరణం తీవ్రతను సరిగ్గా నార్మలైజ్ చేయకపోతే ఇట్టే మాయమవుతుంది. అయినా ఆకారం నమ్మదగినది. పార్షియల్ ఫ్లోరెసెన్స్‌ను గాఢత సూచికగా మాత్రమే పక్కన ఉంచాం.

పారుతున్న నీటిలో పారని మైక్రాన్

ఈ కేసులో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఇది. ఫ్లో సెల్ అంటే నమూనా ఎప్పటికప్పుడు కొత్తగా వస్తుంటుంది, కిరణం దెబ్బ తగలదు అని చాలామంది ధీమా. పంపు తిరుగుతోంది, గొట్టంలో ద్రవం కదులుతోంది, ఇంకేం కావాలి?

100 మైక్రాన్ల లోతున్న చానెల్ తీసుకోండి. ప్రవాహం లామినార్, అంటే పొరలు పొరలుగా సాగేది. గోడ దగ్గర వేగం సున్నా, మధ్యలో గరిష్ఠం, ఈ రెంటి మధ్య వేగం పారబోలా ఆకారంలో పెరుగుతుంది. మనం కొలిచేది ఆ గోడకు, అంటే కిటికీకి, ఆనుకున్న మొదటి మైక్రాన్‌ను. ఆ మైక్రాన్‌లో సగటు వేగం గరిష్ఠ వేగంలో 2 శాతం. మధ్యలో సెకనుకు 10 సెంటీమీటర్లు పారుతుంటే మన కణం కదిలేది సెకనుకు 2 మిల్లీమీటర్లు. 100 మైక్రాన్ల బీమ్‌ను దాటడానికి దానికి 50 మిల్లీసెకన్లు కావాలి.

ఇప్పుడు మోతాదు. సెకనుకు లక్ష కోట్ల ఫోటాన్లు, అంటే పదికి పన్నెండో ఘాతం, ఒక్కోటి 710 ఎలక్ట్రాన్ వోల్టులు. బీమ్ కొలత 100 x 50 మైక్రాన్లు, లోతు 1 మైక్రాన్. ఆ చిన్న పెట్టెలో ఉన్న నీటి బరువు 5 నానోగ్రాములు. అందులో ఇంకే శక్తిని ఆ బరువుతో భాగిస్తే సెకనుకు 1.4 కోట్ల గ్రే (ఒక గ్రే అంటే కిలోకు ఒక జౌలు). 50 మిల్లీసెకన్లకు 7 లక్షల గ్రే. న్యాయంగా చెప్పాలంటే బ్రౌనియన్ చలనం కాస్త ఆదుకుంటుంది: 10 నానోమీటర్ల కణం ఒక మైక్రాన్ దూరం వ్యాపించడానికి 11 మిల్లీసెకన్లు చాలు, ప్రవాహం దాన్ని మోసుకుపోయేలోపే అది తనంతట తాను పక్కకు జారుకుంటుంది. అలా లెక్కేసినా మోతాదు లక్షన్నర గ్రేకు తగ్గదు.

ఆ మోతాదుకు దెబ్బతినేది ముందు నీరే. హైడ్రాక్సిల్ రాడికల్స్, హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టుకొస్తాయి. ఒకటి ఆక్సీకరణం చేస్తుంది, ఇంకోటి క్షయకరణం. ఏది నెగ్గుతుందన్నది నీటిలో ఇంకా ఏమేం ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. మేం చేసిన పరీక్ష సాదాసీదాది. పంపు వేగం మార్చి, తర్వాత బీమ్ తీవ్రతను తగ్గించి, ఎల్3 భుజం నిష్పత్తి కదులుతుందేమో చూశాం. పంపు వేగానికి అది పెద్దగా స్పందించలేదు. బీమ్ తీవ్రతకు స్పందించింది: తీవ్రత ఎక్కువైనకొద్దీ భుజం తగ్గి ఫెర్రిక్ వైపు జరిగింది. హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పట్టుకునే ఐసోప్రొపనాల్ కొద్దిగా కలిపితే ఆ జారుడు నెమ్మదించింది. జారుడుకు కారణం రేడియోలసిస్, అంటే కిరణం నీటి అణువులను విరగ్గొట్టడం, అని తేలిపోయింది.

పంపు వేగం లెక్కలోకి రాకపోవడం చాలామందికి వింతగా అనిపిస్తుంది. గోడ దగ్గర వేగం ఎంత తక్కువో చూశాక వింతేమీ లేదు.

కిటికీకి అంటుకున్నవి

ఒక విడత కొలిచాక చేయాల్సిన మొదటి పని, నమూనా ఆపి శుద్ధ నీటిని పారించి మళ్లీ స్పెక్ట్రమ్ తీయడం. మాకు ఇనుము సిగ్నల్ పోలేదు. చాలావరకు అలాగే ఉండిపోయింది. అంటే అప్పటిదాకా మనం "నీటిలోని కణాలు" అనుకుంటూ చూసినదాంట్లో ఎక్కువ భాగం కిటికీ లోపలివైపు అంటుకుని, కదలకుండా, మొత్తం మోతాదు తింటున్న కణాలే.

కారణం విద్యుదావేశం. బృందం పంపిన ద్రవం పీహెచ్ 4 దగ్గర, నైట్రిక్ ఆమ్లంతో స్థిరపరిచినది. ఐరన్ ఆక్సైడ్ తటస్థ బిందువు (ఉపరితల ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 7 చుట్టుపక్కల కాబట్టి ఆ పీహెచ్ దగ్గర కణాలపై ధనావేశం. సిలికాన్ నైట్రైడ్ కిటికీపై సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. దాని మీద రుణావేశం. రెండూ ఒకదాన్నొకటి లాక్కోక ఏం చేస్తాయి? కొలత మొదలైన కాసేపటికి కిటికీ మీద బీమ్ తగిలిన చోట గోధుమ రంగు మచ్చ మామూలు సూక్ష్మదర్శినిలో కనిపించింది. చుట్టూ నలుపు, మధ్యలో గోధుమ రంగు దీర్ఘచతురస్రం, సరిగ్గా బీమ్ కొలతలతో. నలుపు మాగ్నటైట్‌ది, గోధుమ రంగు మాగ్‌హెమైట్‌ది.

అదే తయారీలోంచి ఇంకో భాగాన్ని ఆమ్లం తగలనివ్వకుండా టెట్రామిథైల్ అమ్మోనియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 11 దగ్గర స్థిరపరిచి పంపమన్నాం. రెనే మస్సార్ 1981లో ఫెర్రోఫ్లూయిడ్ల (అయస్కాంత ద్రవాల) కోసం చూపించిన దారే ఇది. అక్కడ కణాలకూ కిటికీకీ రెంటికీ రుణావేశం. శుద్ధ నీటితో కడిగాక మిగిలిన సిగ్నల్ నాయిజ్‌లో కలిసిపోయేంతగా తగ్గింది.

ఆక్సిజన్ అంచు, క్లుప్తంగా

ఆక్సైడ్‌లోని ఆక్సిజన్ 2పీ స్థితులు ఇనుము 3డీతో కలిసిపోవడం వల్ల 530 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక ప్రీ-ఎడ్జ్ వస్తుంది. నీటి ప్రీ-ఎడ్జ్ 535 దగ్గర. ఈ మధ్యలో ఉన్న కొద్దిపాటి సందులో నీరు పారదర్శకంగా ఉంటుంది, కణం ఆక్సిజన్ ఒక్కటే కనబడుతుంది. ప్రకృతి మనకు ఇచ్చిన వెసులుబాటు అనుకోవచ్చు.

అయితే బీమ్ కింద కాలం గడిచేకొద్దీ 531కి కాస్త ఇవతల ఒక సన్నటి శిఖరం పెరగడం మొదలైంది. ఆక్సిజన్ వాయువు అణువుకు సరిగ్గా అక్కడే పై-స్టార్ అనే ఖాళీ స్థితి వల్ల వచ్చే శిఖరం ఉంటుంది. కణాలు ఏవీ లేని శుద్ధ నీటిని నిలబెట్టి బీమ్ వేసినా అది వచ్చింది, దానితోపాటు 534 దగ్గర నీటి ఆవిరికి గుర్తయిన పదునైన శిఖరం కూడా. కిటికీ వెనక రేడియోలసిస్ వల్ల బుడగ కట్టిందన్నమాట. 3డీ స్థితుల గురించి ఆ ప్రాంతంలోంచి ఏదైనా చెప్పాలనుకునేవాళ్లు ఈ రెండు శిఖరాలు లేవని ముందు చూపించాలి. మా నివేదికలో ఆక్సిజన్ అంచును వాడలేదు.

జెట్

ఫ్లో సెల్ ఏమేం తప్పుదారి పట్టించగలదో తెలిశాక జెట్‌కు వెళ్లాం. సుమారు 30 మైక్రాన్ల మందం ధార, సెకనుకు 30 మీటర్ల వేగం. గోడ లేదు, కాబట్టి గోడ దగ్గర ఆగిపోయే పొరా లేదు, అంటుకునే కిటికీ లేదు. 100 మైక్రాన్ల బీమ్‌ను దాటడానికి కణానికి 3 మైక్రోసెకన్లు పడుతుంది. అదే 1.4 కోట్ల గ్రే రేటుకు మోతాదు 50 గ్రే లోపు. ఫ్లో సెల్‌లో లక్షల్లో ఉన్నది ఇక్కడ పదుల్లోకి దిగింది. ద్రవాన్ని తిరిగి ట్యాంకులోకి పంపకుండా ఒక్కసారి వాడి పారబోశాం. పంపుకు ముందు ఆర్గాన్‌ను బుడగలుగా పంపి గాలిలోని ఆక్సిజన్‌ను తరిమేశాం.

ఇబ్బందులు లేకపోలేదు. నిమిషానికి ఒక మిల్లీలీటరు పైనే ఖర్చు, కణాలు గుంపు కడితే నాజిల్ మూసుకుపోతుంది, దారిలో ఫిల్టర్ ఉంటే ఆ ఫిల్టరే గుంపులను పట్టేసి గాఢతను తగ్గించేస్తుంది. గాఢతను అందుకే జెట్ తర్వాత సేకరించిన ద్రవంలో కొలవాలి, ముందు సీసాలో కాదు. జెట్ చుట్టూ ఉన్న ఆవిరి కూడా కొంత కిరణాన్ని తింటుంది, ఇనుము అంచులో అది నునుపైన బ్యాక్‌గ్రౌండే కాబట్టి హాని లేదు.

బీమ్ తీవ్రత మార్చినా జెట్‌లో ఎల్3 ఆకారం కదలలేదు. ఇక్కడి నుంచి వచ్చిన ఆకారాన్నే కణం ఆకారంగా తీసుకున్నాం.

కరిగిపోయిన ఫెర్రస్

ఇంత చేశాక జెట్‌లో రెండు నమూనాలనూ పోల్చితే, పీహెచ్ 4 ద్రవంలో 708 భుజం పీహెచ్ 11 ద్రవంకంటే పెద్దది. ప్రొఫెసర్ గారికి ఇది నచ్చింది: ఆమ్లంలో ఉంచినవే అసలైన మాగ్నటైట్ అని సంబరం. నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే ఆమ్లం మాగ్నటైట్‌కు చేసే పని తెలిసిందే. కణం ఉపరితలం నుంచి ఫెర్రస్ అయాన్లను నీటిలోకి కరిగించి, వెనక మాగ్‌హెమైట్ చర్మాన్ని మిగుల్చుతుంది. గాలి తగలకపోయినా ఇది జరుగుతుంది.

పీహెచ్ 4 ద్రవాన్ని అల్ట్రాఫిల్టర్ గుండా వడకట్టి, కణాలు లేని తేట నీటిని మాత్రమే జెట్‌లో పెట్టాం. 708 దగ్గర శిఖరం అలాగే నిలబడింది, నీటిలో కరిగిన ఫెర్రస్ అయాన్‌కు ఉండాల్సిన ఆకారంలోనే. తెచ్చిపెట్టుకున్న ఫెర్రస్ క్లోరైడ్ ద్రావణంతో పోల్చితే దాదాపు ఒకటి మీద ఒకటి పడ్డాయి. పీహెచ్ 11 ద్రవం నుంచి వడకట్టిన నీటిలో ఏమీ లేదు. ఆ క్షారంలో ఫెర్రస్ కరిగి ఉండలేదు కాబట్టి అది ఎదురుచూసినదే.

దీంతో పొడి నమూనా చిక్కు కూడా విడిపోయింది. పీహెచ్ 4 చుక్క పలక మీద ఆరుతుంటే నీటితోపాటు ఆమ్లం గాఢత మారుతుంది, కరిగి ఉన్న ఫెర్రస్ గాలికి ఆక్సీకరణం చెంది ఫెర్రిక్ ఆక్సీహైడ్రాక్సైడ్‌గా కణాల మీద పొరలా దిగుతుంది. టోటల్ ఎలక్ట్రాన్ యీల్డ్ చూసేది పైపై కొద్ది నానోమీటర్లే. పూర్తి ఫెర్రిక్ అని రాకపోతేనే ఆశ్చర్యం. ఆ స్పెక్ట్రమ్ తీసినవాళ్లు కొలతలో ఏ లోపమూ చేయలేదు. వాళ్ల ముందున్నది వేరే వస్తువు, అంతే.

తేలింది ఏమిటి

వడకట్టిన నీటి స్పెక్ట్రమ్‌ను తీసివేశాక, పీహెచ్ 4 కణాల భుజం పీహెచ్ 11 కణాలకంటే చిన్నది. పీహెచ్ 11 కణాల భుజం పొడి నమూనాకంటే స్పష్టంగా పెద్దది, స్థూల మాగ్నటైట్ రిఫరెన్స్ కంటే చిన్నది. రిఫరెన్స్‌ను కూడా బృందం దగ్గరి స్థూల మాగ్నటైట్ పొడిని నూరి, అదే జెట్‌లో, అదే ఇన్వర్స్ పద్ధతిలో తీశాం. మాగ్నటైట్ గర్భం, దాని చుట్టూ ఫెర్రస్ పోగొట్టుకున్న చర్మం అన్న చిత్రానికి ఇది సరిపోతుంది. ఆ చర్మం 1 నానోమీటరు ఉందనుకున్నా సగం ఘనపరిమాణం అక్కడే పోతుందని ముందే చూశాం కదా, కాబట్టి భుజం ఈ మాత్రం తగ్గడంలో వింత లేదు.

దీనికి ఇంకో వివరణ లేదని అనను. ఫెర్రస్ కణమంతటా సమంగా పలచబడి ఉన్నా ఎల్ అంచు శోషణ ఒక్కటే చూస్తే ఇదే ఆకారం వస్తుంది. ఆ రెండింటినీ విడదీయాలంటే ఎక్స్‌రే మాగ్నెటిక్ సర్క్యులర్ డైక్రోయిజం, అంటే అయస్కాంత క్షేత్రంలో కుడి, ఎడమ వృత్త ధ్రువణ కిరణాల శోషణల తేడా, కావాలి. అందులో ఆక్టాహెడ్రల్ ఫెర్రస్, టెట్రాహెడ్రల్ (చుట్టూ నాలుగు ఆక్సిజన్లున్న) ఫెర్రిక్, ఆక్టాహెడ్రల్ ఫెర్రిక్ మూడూ వేర్వేరు గుర్తులతో కనిపిస్తాయి. దానికి అయస్కాంత క్షేత్రం, వృత్త ధ్రువణ కిరణం కావాలి, జెట్ చుట్టూ అయస్కాంతం పెట్టడం మా అమరికలో కుదరదు. కె అంచు కొలతను మాత్రం మూసివున్న కేశనాళికలో, పీహెచ్ 11 ద్రవంతో, తక్కువ మోతాదుతో చేసి చూశాం. అక్కడ అంచు స్థానం మాగ్నటైట్‌కూ మాగ్‌హెమైట్‌కూ మధ్యలో పడింది, ఎల్ అంచు చెప్పినదానికి ఎదురు రాలేదు. మొత్తం కణం సగటును చూపేది కాబట్టి అంతకంటే ఎక్కువ అది చెప్పలేదు.

నివేదికలో బృందానికి రాసింది ఇది: పీహెచ్ 4 సీసాలో ఫెర్రస్ రెండు చోట్ల ఉంది, కణం లోపలా, నీటిలోనూ, మీరు కొలిచిన క్రోమియం క్షయకరణంలో ఏ వాటా ఎవరిదో విడదీయండి. వాళ్లు వడకట్టిన నీటితో విడిగా క్రోమియం పరీక్ష చేశారు. మొదటి నిమిషాల్లో కనిపించిన వేగమంతా దాదాపుగా ఆ తేట నీటిదే. కణాలు పనిచేస్తున్నాయి, కానీ నెమ్మదిగా, గంటల మీద. ఇప్పుడు వాళ్ల నమూనాలన్నీ ఆమ్లం దాటకుండా, ఆర్గాన్ కింద, పీహెచ్ 11లోనే వస్తున్నాయి, ప్రతి సీసాతోపాటు దాన్ని వడకట్టిన నీరు ఇంకో చిన్న సీసాలో.